గన్ షోలో సరైన ధరకు కొనడం ఎలా: టెక్సస్ తెలుగువారి కోసం సమగ్ర మార్గదర్శి

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల ఉంటూ వారాంతాల్లో రేంజ్‌కి వెళ్లేవాళ్లు, సీజన్‌లో జింకల వేటకు వెళ్లేవాళ్లు మనవాళ్లలో చాలామందే ఉన్నారు. వాళ్లు పదేపదే అడిగేది ఒకటే: గన్ షోలో, అంటే తుపాకుల సంతలో, నిజంగా చవగ్గా దొరుకుతాయా? దొరికితే ఎలా వెతకాలి?

దొరుకుతాయి, కానీ అన్నీ కాదు. షాపుల్లో దొరికే కొత్త తుపాకీ మీద మిగిలేది చాలా తక్కువ. వాడిన తుపాకులు, పోలీసు శాఖలు కొత్తవి తీసుకుని వదిలేసిన పాత పిస్టళ్లు, తూటాలు, మ్యాగజైన్లు, హోల్‌స్టర్లు, వీటి దగ్గరే అసలు ఆదా. అది కూడా మార్కెట్ ధర తెలుసుకుని లోపలికి వెళ్లినవాళ్లకే.

ఇక్కడ చెప్పేది టెక్సస్ సంగతి. న్యూజెర్సీలో కొనడానికే ముందుగా పర్మిట్ తీసుకోవాలి. కాలిఫోర్నియాలో డబ్బు కట్టాక 10 రోజులు ఆగాలి. ఆ రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు ముందు అక్కడి చట్టం చూసుకోండి.

1. మీరు కొనవచ్చా? మొదట ఇది తేల్చుకోండి

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఇక్కడ పొరపాటు జరిగితే పోయేది డబ్బు కాదు, ఈ దేశంలో మీ ఉనికే. తుపాకీ చట్టం కింద శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవాళ్లను కూడా దేశం నుంచి పంపించేయవచ్చు.

అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఇతర అనర్హతలేవీ లేకపోతే కొనవచ్చు. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, బీ-2 లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటాలు గానీ కొనడం, దగ్గర ఉంచుకోవడం నిషిద్ధం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. అయితే ఎవరో చెప్పిన మాట మీద ఆ మినహాయింపును నమ్ముకోవద్దు. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడిగాకే అడుగు వేయండి. గ్రీన్ కార్డు దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నవాళ్లకూ ఇదే నా సలహా.

ఇంకో సంగతి మన ఇళ్లలో తరచూ ఎదురవుతుంది. మీకు గ్రీన్ కార్డు ఉంది, కానీ భార్యో భర్తో ఇంకా వీసా మీదే ఉన్నారు. లేదా అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలు ఇంట్లో ఉన్నారు. తుపాకీ సేఫ్ కోడ్, తాళం మీ ఒక్కరి దగ్గరే ఉండాలి. దీని గురించి కూడా లాయర్‌ను ముందే అడిగి పెట్టుకోండి.

స్నేహితుడికి అర్హత లేదని అతని డబ్బుతో మీ పేరు మీద కొనడం స్ట్రా పర్చేజ్ అవుతుంది. 2022లో వచ్చిన చట్టం ప్రకారం దీనికి 15 ఏళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఎంత దగ్గరివాడు అడిగినా కుదరదని చెప్పండి.

2. కాగితాలు సిద్ధం చేసుకోండి

లైసెన్సు ఉన్న డీలర్‌ను ఇక్కడ అందరూ ఎఫ్ఎఫ్ఎల్ అంటారు. షోలో కొన్నా షాపులో కొన్నా ఎఫ్ఎఫ్ఎల్ దగ్గర 4473 ఫారం నింపాలి, ఎఫ్‌బీఐ నడిపే నిక్స్ ద్వారా బ్యాక్‌గ్రౌండ్ చెక్ జరగాలి. గన్ షోలో ఎఫ్ఎఫ్ఎల్‌కు మినహాయింపు ఏమీ లేదు.

మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది అడ్రస్ దగ్గర. అపార్ట్‌మెంట్ మారతారు, డ్రైవింగ్ లైసెన్సు మీద పాత అడ్రసే ఉండిపోతుంది. డీలర్ అమ్మడు. కొత్త అడ్రస్ ఉన్న కారు రిజిస్ట్రేషన్ లాంటి ప్రభుత్వ పత్రం చూపిస్తే సరిపోతుంది. లైసెన్సే మార్పించుకుంటే ఇంకా మంచిది.

రెండోది పేరు. ఇంటిపేరు ఒక కార్డులో ముందు, ఇంకో కార్డులో వెనక ఉంటుంది. ఫారంలో మీ పూర్తి చట్టబద్ధమైన పేరును గుర్తింపు కార్డులో ఉన్నట్టే రాయండి, పొడి అక్షరాలతో కుదించవద్దు.

వెంట ఉండాల్సినవి:

- అడ్రస్ సరిగ్గా ఉన్న టెక్సస్ డ్రైవింగ్ లైసెన్సు
- అడ్రస్ మారి ఉంటే కారు రిజిస్ట్రేషన్
- గ్రీన్ కార్డు ఉన్నవాళ్లయితే ఆ కార్డు (దాని మీది నంబరు ఫారంలో రాయాలి)
- టెక్సస్ లైసెన్స్ టు క్యారీ (హ్యాండ్‌గన్ వెంట ఉంచుకునే లైసెన్సు) ఉంటే అది కూడా

చివరిది ఉంటే నిక్స్ చెక్ అక్కర్లేదు, 4473 నింపితే చాలు. రద్దీగా ఉన్న శనివారం మధ్యాహ్నం ఇది చాలా సమయం ఆదా చేస్తుంది.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు నిక్స్ నుంచి వెంటనే 'ప్రొసీడ్' రాకుండా 'డిలే' రావడం మామూలే. టెన్షన్ పడకండి, అది తిరస్కరణ కాదు. 3 పని దినాలు గడిచినా జవాబు రాకపోతే ఇవ్వాలో వద్దో డీలర్ ఇష్టం. ప్రతిసారీ ఇలాగే అవుతుంటే వాలంటరీ అప్పీల్ ఫైల్‌కి (నిక్స్ దగ్గర మీ వివరాలు ముందే నమోదు చేయించుకునే పద్ధతి) దరఖాస్తు చేసి యూపీఐఎన్ అనే గుర్తింపు నంబరు తెచ్చుకోండి. ఆ నంబరును తర్వాతి ఫారాల్లో రాయవచ్చు.

అందుకే డబ్బు ఇచ్చే ముందు డీలర్‌ను ఒక ప్రశ్న తప్పనిసరిగా అడగాలి: మీ షాపు ఏ ఊళ్లో ఉంది? షో ఆదివారంతో ముగుస్తుంది. డిలే వస్తే తుపాకీ అతనితోపాటు అతని షాపుకి వెళ్లిపోతుంది. మీరు ప్లేనోలో ఉండి, షాపు లబ్బక్‌లో ఉంటే మిగిల్చిందంతా పెట్రోలుకే పోతుంది.

3. ఏం కావాలో, దాని ధరెంతో రాసుకోండి

షోకి వెళ్లే ముందు మూడు నాలుగు మోడళ్లు ఎంచుకోండి. మొదటిసారి కొంటున్నవాళ్లు రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చి చూడకుండా షోకి వెళ్లొద్దు. టేబుల్ మీద చేతికి బాగున్న పిస్టల్ కాల్చేటప్పుడు బాగుంటుందన్న గ్యారంటీ లేదు.

ధర చూసేటప్పుడు చాలామంది చేసే తప్పు ఏమిటంటే, అమ్మకానికి పెట్టినవాడు అడిగే ధరనే మార్కెట్ ధర అనుకోవడం. తుపాకుల వేలం సైట్ గన్‌బ్రోకర్‌లో ముగిసిన వేలాల ధరలు చూడండి. జనం నిజంగా ఎంత చెల్లించారో అక్కడే తెలుస్తుంది.

తర్వాత మొత్తం ఖర్చు లెక్క వేయాలి. ఒక ఉదాహరణ చూద్దాం. షోలో పిస్టల్ ధర 500 డాలర్లు. 8.25 శాతం సేల్స్ టాక్స్ అంటే 41.25. కార్డు వాడితే 3 శాతం అదనం అన్నాడనుకుంటే ఇంకో 16.24. మొత్తం 557.49. దీనికి టికెట్, పార్కింగ్ కలపాలి.

అదే పిస్టల్ ఆన్‌లైన్‌లో 470, షిప్పింగ్ 20, రెండింటి మీద టాక్స్ 40.43, దాన్ని తెప్పించి కాగితాలు నింపి మీకు అప్పగించే మీ ఊరి డీలర్ ట్రాన్స్‌ఫర్ ఫీజు 30 అనుకుందాం. మొత్తం 560.43. పైకి 30 డాలర్ల తేడా కనిపించింది, చివరికి రెండూ ఒకచోటికే వచ్చాయి. షోలో నగదు ఇచ్చి ఆ 16 డాలర్లు మిగుల్చుకుంటే అప్పుడు షోదే పైచేయి.

మీ కాగితం మీద ప్రతి మోడల్‌కి రెండు అంకెలు ఉండాలి: టాక్స్‌తో కలిపి బయట దొరికే మొత్తం ధర, మీరు దాటకూడని గరిష్ఠ ధర. రెండో అంకెను షోలో మార్చకండి.

4. ఏ షో, ఏ సమయం

డాలస్, ఫోర్ట్‌వర్త్ ప్రాంతంలో ఏడాది పొడవునా షోలు జరుగుతూనే ఉంటాయి. పక్క రాష్ట్రం ఓక్లహోమాలో టల్సా ఆర్మ్స్ షో ఏడాదికి రెండుసార్లు, వసంతంలో ఒకసారి, నవంబరు ప్రాంతంలో ఒకసారి జరుగుతుంది. వేల టేబుళ్లుండే షో అది. పాత తుపాకులు ఇష్టపడేవాళ్లు డాలస్ నుంచి నాలుగైదు గంటలు డ్రైవ్ చేసి మరీ వెళ్తారు.

టల్సా వెళ్తే ఒకటి గుర్తుంచుకోండి. టెక్సస్ నివాసి ఓక్లహోమా డీలర్ దగ్గర రైఫిల్, షాట్‌గన్ అక్కడికక్కడే తీసుకోవచ్చు. పిస్టల్, రివాల్వర్ అలా కుదరదు. వాటిని టెక్సస్‌లోని ఒక ఎఫ్ఎఫ్ఎల్‌కి పంపించి అక్కడ తీసుకోవాలి. ఆ షిప్పింగ్, ట్రాన్స్‌ఫర్ ఫీజు కూడా మీ లెక్కలోకి రావాలి. వేరే రాష్ట్రంలోని ప్రైవేటు వ్యక్తి దగ్గర నేరుగా ఏ తుపాకీ కొనకూడదు.

సమయం విషయానికొస్తే, వాడిన తుపాకుల కోసం శనివారం ఉదయం తలుపులు తెరిచేసరికే అక్కడ ఉండాలి. మంచి సరుకు మొదటి రెండు గంటల్లో పోతుంది. వాటిని కొనేవాళ్లలో తోటి డీలర్లు కూడా ఉంటారు.

తూటాల పెట్టెలు, గన్ సేఫ్‌ల లాంటి బరువైనవాటికి ఆదివారం మధ్యాహ్నం మంచిది. సీసం బరువు మోసినవాడికే తెలుస్తుంది. అమ్ముడుపోని పెట్టెల్ని మళ్లీ ట్రక్కులోకి ఎక్కించడం ఎవరికీ ఇష్టం ఉండదు, అప్పుడే ధర దిగుతుంది.

5. లోపలికి వెళ్లాక: మొదటి చుట్టులో జేబు తీయొద్దు

మొదటి చుట్టు చూడటానికే. హాలంతా ఒకసారి తిరిగి, మీ జాబితాలో ఉన్నవి ఏ వరుసలో, ఏ ధరకు ఉన్నాయో ఫోన్‌లో రాసుకోండి. ఒకే పిస్టల్ రెండు వరుసల తేడాలో వేర్వేరు ధరలకు కనిపించడం చాలా మామూలు. దీనికి ఒక్క మినహాయింపు: వాడిన తుపాకీ ఒకటే ఉండి, ధర మీ కాగితం మీది అంకె కన్నా బాగా కింద ఉంటే ఆగకండి.

టేబుల్ మీది తుపాకీ ముట్టుకునే ముందు అడగండి. చేతికిచ్చాక తుపాకీ నోరు నేల వైపో, మనుషులు లేని వైపో ఉంచండి, వేలు ట్రిగ్గర్ మీదికి పోనివ్వకండి, ఖాళీగా ఉందో లేదో మీరే చూడండి. ట్రిగ్గర్ నొక్కి చూడాలంటే మళ్లీ అడగండి. ఈ మర్యాద తెలిసిన మనిషితోనే డీలర్ ధర గురించి మనసు విప్పి మాట్లాడతాడు.

6. వాడిన తుపాకీని పరీక్షించడం

ఆదా అంతా ఇక్కడే ఉంది, మోసపోయేదీ ఇక్కడే. చిన్న టార్చిలైటు, కళ్లజోడు అవసరమైతే అదీ తీసుకెళ్లండి.

ముందు బ్యారెల్. యాక్షన్ తెరిచి, ఖాళీ అని తేలాక వెలుతురు వేసి లోపలికి చూడండి. పిస్టల్, రైఫిల్ అయితే రైఫ్లింగ్ (లోపలి మెలి గీతలు) పదునుగా కనిపించాలి. నల్లగా ఉన్నదంతా పాడైపోయినట్టు కాదు, మసి కావచ్చు. శుభ్రం చేసి చూపించమని అడగండి. గుంటలు పడి ఉంటే అది తుప్పు, పోదు. మధ్యలో నల్లటి ఉంగరంలా కనిపిస్తే బ్యారెల్ అక్కడ ఉబ్బినట్టు. ఎంత చవకైనా వదిలేయండి.

తర్వాత స్క్రూల తలలు. అవి చెదిరి ఉంటే సరైన పనిముట్లు లేకుండా ఎవరో లోపల వేలు పెట్టారన్నమాట. పైన అక్షరాలు, ముద్రలు మసకబారి, మెరుపు మాత్రం కొత్తగా ఉంటే మళ్లీ పాలిష్ చేసి రంగు వేయించినది. వాడటానికి ఇబ్బంది లేదు గానీ సేకరణ విలువ పడిపోతుంది. అసలు రంగు ఉన్నదాని ధర ఇవ్వకండి.

రివాల్వర్ అయితే, అనుమతి తీసుకుని హ్యామర్‌ను నెమ్మదిగా వెనక్కి లాగండి. హ్యామర్ పూర్తిగా వెనక్కి చేరేలోపే సిలిండర్ లాక్ అవ్వాలి. ప్రతి ఛాంబర్‌కీ ఇలా చూడండి. సిలిండర్‌ను ముందుకీ వెనక్కీ కదిపితే లొడలొడమనకూడదు. బ్యారెల్ మొదలయ్యే చోట పగులు ఉందేమో టార్చి వేసి చూడండి.

షాట్‌గన్‌లో బ్యారెల్ మీద సొట్టలు, రైఫిల్‌లో చెక్క స్టాక్ సన్నబడే చోట పగుళ్లు, ఇవి త్వరగా చూసేయవచ్చు.

సీరియల్ నంబరు గీకేసి ఉంటే ఆ టేబుల్ దగ్గర నుంచే వెళ్లిపోండి, అలాంటిది దగ్గర ఉంచుకోవడమే నేరం. 1968కి ముందు తయారైన కొన్ని .22 రైఫిళ్లకూ షాట్‌గన్లకూ అసలు నంబరే ఉండదు. అది వేరే సంగతి, చట్టబద్ధమే.

రీకాల్స్ కూడా ఫోన్‌లో వెతకండి. రెమింగ్టన్ 700 రైఫిళ్లలో ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్లను 2014లో వెనక్కి పిలిచారు. సిగ్ పీ320 పిస్టళ్లకు 2017లో కంపెనీ ఉచితంగా మార్పులు చేసే కార్యక్రమం పెట్టింది. ఆ పని జరిగిందా అని అమ్మేవాడిని అడగండి, జవాబు తెలియకపోతే దాన్ని బట్టి ధర తగ్గించమనండి, లేదా వదిలేయండి.

నా దృష్టిలో కొత్తవాళ్లకు అన్నిటికన్నా మంచి బేరం పోలీసు ట్రేడ్-ఇన్ పిస్టల్. ఏళ్ల తరబడి హోల్‌స్టర్‌లో ఉండి అంచుల్లో రంగు అరిగిపోయి ఉంటుంది, లోపల కాల్చింది మాత్రం తక్కువే కావచ్చు. ఎఫ్‌బీఐ మళ్లీ 9 ఎంఎం తూటాల పిస్టళ్లకి మారాక చాలా పోలీసు శాఖలు అదే దారి పట్టాయి, .40 కాలిబర్ గ్లాక్ 22లు గుట్టలుగా మార్కెట్లోకి వచ్చాయి. అందుకే అవి చవక. అయితే .40 తూటాలు 9 ఎంఎం కన్నా ఖరీదు. నెలకు వందల రౌండ్లు కాల్చేవాళ్లయితే పిస్టల్ మీద మిగిలింది తూటాల్లో పోతుంది. ఆ లెక్క కూడా వేసుకోండి.

7. బేరం ఎలా ఆడాలి

మన ఊళ్లో చీరల షాపులో మొదలుపెట్టినట్టు సగం ధర నుంచి మొదలుపెడితే ఇక్కడ సంభాషణ ఆగిపోతుంది. కొత్త తుపాకీ మీద డీలర్ లాభం పలుచగా ఉంటుంది, వంద డాలర్లు తగ్గించమంటే మర్యాదగా లేదంటాడు. వాడినవాటి మీద బేరానికి చోటు ఎక్కువ.

- టాక్స్, కార్డు ఫీజు, చెక్ ఫీజు అన్నీ కలిపి 'అవుట్ ది డోర్' ధర ఎంతో అడగండి.
- నగదు ఇస్తే ఎంత అని ఒక్కసారి అడిగి ఆగండి. జవాబు అతన్నే చెప్పనివ్వండి.
- మీరు గమనించిన లోపాన్ని చూపించండి. ఎగతాళి చేయకుండా, స్క్రూ చెదిరిందనో, ఒక్క మ్యాగజైనే ఉందనో చెప్పండి.
- ధర దిగకపోతే అదనంగా రెండు మ్యాగజైన్లో ఒక హోల్‌స్టరో అడగండి. డబ్బు తగ్గించని డీలర్ సరుకు ఇవ్వడానికి ఒప్పుకుంటాడు.
- కుదరకపోతే ధన్యవాదాలు చెప్పి, ఆదివారం కూడా ఉంటారా అని అడిగి వెళ్లండి.

కొత్తదానికి కంపెనీ రిబేటు ఉందేమో ముందే చూసుకోండి. రిబేటుకి తేదీ, మోడల్ ఉన్న బిల్లు, చాలాసార్లు పెట్టె మీది బార్‌కోడ్ కావాలి. చేత్తో చింపి ఇచ్చిన చీటీ పనికిరాదు.

8. చేతిలో రైఫిల్ పట్టుకుని తిరిగేవాళ్ల దగ్గర కొనాలా?

హాల్లో కొందరు సొంత తుపాకీకి ధర చీటీ తగిలించి తిరుగుతుంటారు. టెక్సస్‌లో ఇద్దరు టెక్సస్ నివాసుల మధ్య ఇలాంటి ప్రైవేటు అమ్మకానికి బ్యాక్‌గ్రౌండ్ చెక్ తప్పనిసరి కాదు. ధర కూడా తక్కువ ఉండవచ్చు, డీలర్‌కి అమ్మితే వాళ్లకు ఎటూ హోల్‌సేల్ ధరే వస్తుంది కాబట్టి.

అయినా సరే, అక్కడే ఉన్న ఏదో ఒక ఎఫ్ఎఫ్ఎల్ టేబుల్ దగ్గర ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి. ఆ తుపాకీ దొంగిలించినదో కాదో అక్కడికక్కడ తేల్చుకోవడం మీకు కష్టం. రేపు ఏదైనా ప్రశ్న వస్తే చట్టబద్ధంగా మీరు ఎప్పుడు, ఎవరి ద్వారా తీసుకున్నారో చెప్పే కాగితం ఉండాలి. ముఖ్యంగా గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లకు ఆ ఫీజు దండగ కాదు. దీనికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనవద్దు.

9. తూటాలు: పెట్టె ధర కాదు, రౌండు ధర

50 రౌండ్ల పెట్టె 14 డాలర్లయితే రౌండుకి 28 సెంట్లు. వెయ్యి రౌండ్ల కేసు 265 అయితే 26.5 సెంట్లు. ఈ లెక్క లేకుండా పెద్ద పెట్టె చవకని అనుకోవద్దు, ఒక్కోసారి చిన్న పెట్టెలే చవక.

- ఫ్యాక్టరీ పెట్టెలో, సీలుతో ఉన్నవే కొనండి. ప్లాస్టిక్ సంచుల్లో పోసి అమ్మే రీలోడ్స్ (కాల్చిన ఖాళీ తూటాల్లో మళ్లీ పౌడర్ నింపినవి) ఎవరు, ఎంత పౌడర్ వేసి చేశారో తెలియదు. వాటి వల్ల తుపాకీ పగలవచ్చు, చేతికి గాయం కావచ్చు.
- చిన్న అయస్కాంతం తీసుకెళ్లండి. బుల్లెట్‌కి అంటుకుంటే చాలా ఇండోర్ రేంజ్‌లు దాన్ని కాల్చనివ్వవు.
- పాత మిలిటరీ సరుకు కొన్నిటిలో తుప్పు పట్టించే ప్రైమర్లు ఉంటాయి. కాల్చిన రోజే శుభ్రం చేసే ఓపిక ఉంటేనే కొనండి.

మ్యాగజైన్లు కంపెనీవే తీసుకోండి. స్కోపులు, రెడ్ డాట్లలో నకిలీలు తిరుగుతుంటాయి, పెద్ద బ్రాండ్ పేరు మరీ తక్కువ ధరకు కనిపిస్తే నమ్మవద్దు.

10. సమస్య వస్తే ఏం చేయాలి

*డిలే వచ్చింది.* డీలర్ పేరు, షాపు అడ్రస్, బిల్లు, తుపాకీ సీరియల్ నంబరు ఫోటో తీసుకోండి. తిరస్కరణ వస్తే డబ్బు వెనక్కి ఇస్తాడా, ఎంత కోసుకుంటాడో ముందే అడిగి బిల్లు మీద రాయించుకోండి.

*ఇంటికొచ్చాక లోపం బయటపడింది.* కాల్చకముందే డీలర్‌కి ఫోన్ చేయండి. కాల్చాక వెనక్కి తీసుకునేవాళ్లు చాలా అరుదు. వాడిన తుపాకీకి మూడు రోజుల పరిశీలన గడువు ఇస్తారా అని కొనేటప్పుడే అడగడం మంచిది, కొందరు ఇస్తారు.

*ఒకేసారి రెండు పిస్టళ్లు కొన్నారు.* అయిదు పని దినాల్లో ఒకే డీలర్ దగ్గర రెండు, అంతకు మించి హ్యాండ్‌గన్లు కొంటే డీలర్ ఆ సంగతి ఏటీఎఫ్‌కి (తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ) తెలియజేయాలి. అది మామూలు ప్రక్రియ, మీరు చేసిన తప్పేమీ లేదు.

11. బయల్దేరే ముందు, ఇంటికి చేరాక

సేఫ్ ధర కూడా బడ్జెట్‌లో కలిపే కొనుగోలు మొదలుపెట్టండి. టెక్సస్‌లో మీ నిర్లక్ష్యం వల్ల కాల్చడానికి సిద్ధంగా ఉన్న తుపాకీ 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి చిక్కితే నేరం. ఇంట్లో చిన్నపిల్లలు, సెలవులకు వచ్చే బంధువుల పిల్లలు ఉంటే సేఫ్ ముందు, తుపాకీ తర్వాత. నగదు సరిపోకపోతే తుపాకీనే తర్వాతి షోకి వాయిదా వేయండి, షోలు మళ్లీ వస్తాయి.

- తుపాకీ ఖాళీ చేసి, కేసులో పెట్టి, కారు డిక్కీలో పెట్టండి. తూటాలు వేరుగా.
- మధ్యలో బిర్యానీకో సినిమాకో ఆగి తుపాకీని కారులో వదలొద్దు. నేరుగా ఇంటికే.
- బిల్లు, సీరియల్ నంబరు, రెండు వైపులా తీసిన ఫోటోలు తుపాకీతో కాకుండా వేరేచోట దాచండి. దొంగతనం జరిగితే పోలీసులు, ఇన్సూరెన్స్ వాళ్లు అడిగేది ఇవే.
- వాడినది కొంటే మొదటిసారి కాల్చే ముందు తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కి చూపించండి. రెండు పాత రైఫిళ్లలో ఏది కొనాలో తేలకపోతే, గన్‌స్మిత్ ఫీజు కూడా కలుపుకున్నాక ఏది చవకో చూడండి.